లేవనంటే కారణముంది

నేను డేటాబేస్ సర్వర్ని, పేరు పోస్ట్‌గ్రెస్. మైఖేల్ స్టోన్‌బ్రేకర్ బృందం చేతుల్లో 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టాను. ఇప్పుడు కాపురం నల్లమల అంచున, కర్నూలు నుంచి దోర్నాల వెళ్లే దారిలోని ఆత్మకూరులో. (నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరుంది, వనపర్తి జిల్లాలో ఇంకొకటుంది. అందుకే మేము ఊళ్లను పేరుతో కాక నంబరుతో గుర్తుపెట్టుకుంటాం.) నా మీద అందరిదీ ఒకే ఫిర్యాదు: రీస్టార్ట్ చేస్తే మొరాయిస్తానని. ఒప్పుకుంటాను. కానీ రోగం ముందే ఉంటుంది, రీస్టార్ట్ దాన్ని బయటపెడుతుంది, అంతే. "నిన్నటిదాకా బాగానే నడిచింది కదా" అంటారు. నడిచింది నిజమే. అయితే కొన్ని సెట్టింగులను నేను లేచేటప్పుడు తప్ప చూడను. మెమరీ సంఖ్యకు ఎవరో ఒక సున్నా ఎక్కువ తగిలించి మరిచిపోతే, కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజునే ఆ సంగతి తేలుతుంది. అప్‌డేట్‌లో 13వ వెర్షన్ స్థానంలో 14 వచ్చి కూర్చుంటే, పాతది రాసిన డేటా డైరెక్టరీని కొత్తది ముట్టదు. ఇక కంగారులో ఆ డైరెక్టరీకి 777 అనుమతులిచ్చే మహానుభావులున్నారు. ఎవరైనా వచ్చి రాసిపోగల చోట నేను లేవను. 700 గానీ 750 గానీ ఉండాల్సిందే. చాలావరకు కారణాన్ని లాగ్ ఫైలు చివరి లైన్లలో రాసే ఉంచుతాను. అది చదవకుండా పదిసార్లు స్టార్ట్ నొక్కితే నేను మాత్రం ఏం చేయను?

నేను పనిచేసే ఆఫీసు కౌంటర్ ముందు జనం ఎండలో నిలబడి ఉంటే ఈ పట్టుదలేమిటి, ఉన్నంతలో లేవచ్చు కదా అనే మాట తీసిపారేయదగ్గది కాదు. కానీ ఒక ఉదాహరణ చూడండి: 2022 ఏప్రిల్ 4న ఆత్మకూరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. వేల వరుసల్లో జిల్లా పేరు మారుస్తుండగా మధ్యలో కరెంటు పోయిందనుకోండి. ఉన్నంతలో లేస్తే సగం మంది కర్నూలు వాళ్లు, సగం మంది నంద్యాల వాళ్లు. ఏ సగం నిజమో తేల్చేదెవరు? ఈ చిక్కు రాకుండానే షావుకారు ముందు చిట్టాలో రాసుకుని ఆవర్జాకు ఎక్కించినట్టు, ప్రతి మార్పునూ ముందు వాల్ (రైట్-అహెడ్ లాగ్) అనే ఫైళ్లలో రాస్తాను. 2001లో వచ్చిన 7.1 వెర్షన్ నుంచి నాకీ అలవాటు. మద్రాసు ఐఐటీలో చదివి ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, తన సహచరులతో కలిసి 1992లో ప్రకటించిన ఏరీస్ పద్ధతికీ ఇదే పునాది, నా దారి కొంచెం వేరైనా. లేచేటప్పుడు చివరి చెక్‌పాయింట్ (అప్పటిదాకా మార్పులన్నీ డేటా ఫైళ్లకు ఎక్కాయనే గుర్తు) నుంచి వాల్‌ను మళ్లీ చదువుకుంటూ వస్తాను. పూర్తికాని లావాదేవీ జరగనట్టే లెక్క. దీనికి కొంత సమయం పడుతుంది. ఇరుక్కుపోయాననుకుని మధ్యలో చంపేస్తే మళ్లీ మొదటి నుంచి చదవాలి.

అసలు ప్రమాదం డిస్క్ నిండినప్పుడుంది. నా వాల్ ఫైళ్లుండే డైరెక్టరీ పేరు ఒకప్పుడు పీజీ ఎక్స్‌లాగ్. లాగ్ అంటే పాత చెత్తేనని, జాగా కోసం దాన్ని తుడిచేసేవాళ్లు. ఈ బాధ పడలేకే 2017లో, 10వ వెర్షన్‌లో, పేరు పీజీ వాల్ అని మార్చారు. వాల్ చెడినా నన్ను బలవంతంగా లేపే పనిముట్టు ఉంది కదా అనొచ్చు. రీసెట్‌వాల్ ఉంది, లేస్తాను కూడా. కానీ ఆ తర్వాత నా లెక్కలను నమ్మకుండా, వెంటనే డంప్ తీసి కొత్త డైరెక్టరీలోకి ఎక్కించి, వరుసలు సరిచూసుకోమని నా మాన్యువలే చెబుతుంది. కాబట్టి దాని జోలికి వెళ్లేముందు డేటా డైరెక్టరీ మొత్తం వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. నిండిన డిస్క్‌కైతే అంత దూరం అక్కర్లేదు, సంబంధం లేని ఫైళ్లను తీసి జాగా చేస్తే చాలు. నా పట్టుదలకూ అందని చోటు ఒకటుంది: రాసేశానని నాతో చెప్పి నిజానికి రాయని చవక డిస్క్. అది అబద్ధమాడితే వాల్ ఉన్నా ఒరిగేది లేదు, రాత్రి తీసిన బ్యాకప్ వేరే చోట ఉంటే అదే దిక్కు.