పండ్లు చూసి కొన్న ఎద్దు

ఇంజనీరింగ్ సెలవుల్లో కోయిలకుంట్లలో, మా మిద్దె మీది గదిలో చెమటలు కక్కుతూ చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి రాశాను. ఎత్తులు వేస్తోంది, తప్పుడు ఎత్తు వెయ్యడం లేదు. ఎంత బాగా వేస్తోందో తెలియాలి కదా! ఇవాన్ బ్రాట్కో, డానీ కోపెక్ 1982లో ప్రకటించిన పరీక్ష దొరికింది. 24 పొజిషన్లు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. సగం దెబ్బ కొట్టే ఎత్తులు, సగం బంటును తోసి ఎదుటివాడి బంట్ల వరసను చెదరగొట్టే ఎత్తులు. మొదటి రోజు నా ప్రోగ్రాంకు 9 వచ్చాయి.

పరువు పోయినట్టు అనిపించింది, గదిలో ఎవరూ లేకపోయినా.

ఇక మొదలుపెట్టాను. బంటు తోయాల్సిన చోట తోయడం లేదా? తోసిన ప్రతిసారీ పాయింట్లు ఎక్కువ ఇచ్చాను. బొమ్మను బలిచ్చి రాజు మీదికి పోవడానికి జంకుతోందా? ఎదుటి రాజు దరిదాపుల్లో కాలుపెట్టిన ప్రతి బొమ్మకూ బహుమతి. చెక్ వచ్చినప్పుడల్లా ఇంకో ఎత్తు లోతుకు చూడమన్నాను. వారం తిరిగేసరికి 19. ఫైలుకు ‘ఫైనల్’ అని పేరు పెట్టాను.

మా చిన్నాయనకు చదరంగం ఏదో కాలక్షేపానికి వచ్చు. ఆయన అసలు పిచ్చి ఒంగోలు ఎద్దులు, బండలాగుడు పందేలు. నా ప్రతాపం చూపిద్దామని ఆయన్నే కూర్చోబెట్టాను. పట్టుమని పదిహేను ఎత్తులు కాకముందే నా ప్రోగ్రాం సొంత రాజు ముందున్న మూడు బంట్లనూ తోసేసింది, తలుపులు ఊడబీకి దొంగను రమ్మన్నట్టు. ఆపైన గుర్రాన్ని తెచ్చి ఆయన బంటు నోట్లో పెట్టింది.

“ఏమబ్బీ, ఊరికే ఇస్తాండాది. తీసుకుందునా?”

“చూసి తీసుకో చిన్నాయనా, అందులో మర్మముంటాది.”

మర్మం లేదు. తీసుకున్నాడు, గెలిచాడు. లేస్తూ, “పండ్లు చూసి ఎద్దును కొంటివి, సరే. బండ కట్టి చూస్తివా?” అన్నాడు.

చూడలేదు. ఆ రాత్రి ఎవరికీ చెప్పకుండా పాత వెర్షన్‌తో కొత్తదానికి 200 ఆటలు పెట్టాను. 9 మార్కులది 19 మార్కులదాన్ని చితక్కొట్టింది. పరీక్ష పొజిషన్ అంటేనే ‘ఇక్కడేదో ఉంది, వెతుక్కో’ అని చెవిలో చెప్పి ఇచ్చేది. ఆటలో ఎక్కువసేపు ఏమీ ఉండదు. నేను నేర్పిందేమో లేనిదాన్ని ఉందనుకోవడం. చెక్కుల వెంటపడి దాని టైమంతా అక్కడే కరిగిపోతోంది కూడా.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి వేరే ఉంది. స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాం రాసేవాళ్లు 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అని పెట్టి, వాలంటీర్ల కంప్యూటర్ల మీద చిన్న మార్పుకు కూడా వేలకు వేల ఆటలు ఆడించి తేలుస్తారని నేను ముందే చదివాను. చదివి, ‘పాపం, మంచి పొజిషన్లు దొరకలేదేమో’ అనుకున్నాను!

ఆ 24 పొజిషన్లను ఇప్పటికీ వాడతాను, కోడ్‌లో ఏదైనా విరిగిందేమో చూసుకోవడానికి. మార్కులు మాత్రం రాసుకోను.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నా. ఫోన్ చేసినప్పుడల్లా చిన్నాయన వానల సంగతి, శనగల ధర చెప్పి, పెట్టేముందు అడుగుతాడు: “మీ ఎద్దు ఇంకా గుర్రాన్ని ఊరికే ఇస్తాండాదా అబ్బీ?”