మీ వంటింటికి ఏ పార్టీ రంగు, సామీ?

తిరుపతిలో కొత్త ఇల్లు కొన్నవాడు ఇప్పుడు ముందుగా వెతికేది పురోహితుణ్ణి కాదు. ఇంటీరియర్ పిల్లోణ్ణి. వాడొస్తాడు. ట్యాబ్ తెరుస్తాడు. హాలుకు ఫాల్స్ సీలింగ్ అంటాడు. టీవీ వెనక గోడకు చెక్క పట్టీలంటాడు. వంటింట్లో చిమ్నీ అంటాడు, పొయ్యి గట్టుకు క్వార్ట్జ్ అంటాడు. చిత్తూరు గ్రానైట్ ఓడలెక్కి దేశాలు పోతాంటే మనకేమో గ్రానైట్ మోటైపోయింది! సంగటి కెలికే కట్టె ఎక్కడ పెట్టుకోవాలని ఇంటామె అడుగుతుంది. వాడి బొమ్మలో దానికి చోటు లేదు.

వాణ్ణి తిట్టి ఏం లాభం? బతకనేర్చిన పిల్లోడు. మన డబ్బు, మన గోడ, మన మోజు. పైగా వాడు ముందే కొటేషన్ ఇస్తాడు. కొటేషన్ ఇవ్వకుండా మన డబ్బుతో రంగులేసే పెద్ద డిజైనర్లు వేరే ఉన్నారు. ఐదేళ్లకోసారి వరుసలో నిలబడి మరీ వాళ్లను మనమే పెట్టుకుంటాం. వాళ్ల పనితనం చూద్దాం రండి. కొండమీది నుంచే మొదలుపెడదాం.

2023 జనవరి. తిరుమల నారాయణగిరి అతిథి గృహాల్లో 150 రూపాయల గది అద్దె జీఎస్టీతో కలిపి ఒక్కసారిగా 1,700 అయింది. స్పెషల్ టైపు కాటేజీల్లో 750 కాస్తా 2,800. ఇదేం అన్యాయమని జనం అడిగారు. టీటీడీ జవాబు చెప్పింది. గదులను ఆధునికీకరించాం, ఏసీలు పెట్టాం, గీజర్లు పెట్టాం, చెక్క సామాను వేయించాం, 172 గదులకు 8 కోట్లయింది అంది. అవి వీఐపీలకిచ్చే గదులేననీ, సామాన్యుల 50, 100 రూపాయల గదుల అద్దె ముట్టుకోలేదనీ కూడా అంది. నిజమే, ముట్టుకోలేదు. ఒప్పుకోవాలి.

కానీ 8 కోట్లను 172తో భాగించండి. గదికి నాలుగు లక్షల అరవై వేల పైచిలుకు. ఈ అంకె కొంగున ముడేసుకోండి. కొండ దిగాక పనుంది.

గుండు కొట్టించుకోను వచ్చినవాడికి బీరువా ఏ చెక్కదైతే ఏం? ఒక్క రాత్రి పడుకుంటాడు, దర్శనం చేసుకుంటాడు, లడ్డూ సంచీ పట్టుకుని బస్సెక్కుతాడు. ఆ ఒక్క రాత్రికి ఇంత సింగారం ఎవరి కోసం? సిఫారసు లేఖ జేబులో పెట్టుకుని కారు దిగే పెద్దమనిషి కోసం. లేఖ లేని ముసలామె యాత్రికుల వసతి సముదాయంలో లాకరు తాళంచెవి నడుముకు దోపుకుని చాప పరుచుకుంటుంది. అతిథి గృహాల మీద దాతల సొంత పేర్లు తీసేసి దేవుడి పేర్లు పెట్టే పని కూడా ఈమధ్య జరిగింది. బాగుంది. గేటు మీద పేరు మారింది సరే, గది తాళం ఎవరి చేతికి పోతోందో అది మారిందా?

ఇక కొండమీద పుట్టి పెరిగినవాళ్ల ఇళ్లు. గుడి చుట్టూ ఒకప్పుడు కాపురాలుండేవి. వాకిట్లో ముగ్గులు, పెరట్లో రోళ్లు ఉండేవి. మాడవీధులు వెడల్పు చేయాలన్నారు. మాస్టర్ ప్లాన్ అన్నారు. 2003లో గుడి ముందరి వేయికాళ్ల మండపాన్నే కూల్చేసిన చేతులకు మన వంటిళ్లు ఒక లెక్కా? ఉన్నవాళ్లు కొందరు బాలాజీనగర్‌లో సర్దుకున్నారు, కొందరు కొండ దిగారు. హాలు విశాలంగా కనపడాలంటే సామాను తగ్గించాలని డిజైనర్లు చెబుతుంటారు. మనవాళ్లు అంత కష్టం పెట్టలేదు. ఇల్లే తీసేశారు. ఎంత విశాలంగా ఉందో చూడండి!

కొండ దిగి శ్రీకాళహస్తి పక్కన ఊరందూరు పోదాం. 2020 డిసెంబర్ 28న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి అక్కడ ఇళ్ల పట్టాలు పంచారు. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. కట్టేది ఇళ్లు కాదు ఊళ్లు అని చాటారు. ఇంటి కొలత 340 చదరపు అడుగులు. హాలు అందులోనే, పడకగది అందులోనే, వంటిల్లు అందులోనే, స్నానాలగదీ వరండా కూడా అందులోనే. ఇంటికి రెండు ఫ్యాన్లు, రెండు ట్యూబులైట్లు, నాలుగు బల్బులు. మొత్తం లక్షా ఎనభై వేలు.

ఇప్పుడు ఆ ముడి విప్పండి. కొండమీద వీఐపీ గదికి, గోడలూ కప్పూ ముందే ఉన్న గదికి, సోకుకే నాలుగు లక్షల అరవై వేలు. కొండ కింద పేదోడికి పునాది, గోడ, కప్పు, తలుపు, పొయ్యి గట్టు అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు. అది దేవుడి సొమ్ము, ఇది సర్కారు సొమ్ము, రెంటికీ ముడిపెట్టకూడదంటారా? హుండీలో వేసిందెవరు? పన్ను కట్టిందెవరు? రెండు జేబులా మనకు?

ఆ డబ్బుతో ఇల్లు లేస్తుందా అని ఏ మేస్త్రీనైనా అడగండి. నవ్వుతాడు. లేచినా, ఆ వంటింట్లో స్టవ్వు పెడితే సిలిండరుకు చోటుండదు. సిలిండరు పెడితే మనిషికుండదు. బియ్యం మూట మంచం కింద. వెంకన్న పటం ఫ్రిజ్జు నెత్తిన. వంటింటికీ హాలుకూ మధ్య తలుపుండదు. డబ్బున్నోడి ఇంట్లో దీన్నే ఓపెన్ కిచెన్ అంటారు, అడుగుకింత అని వసూలు చేస్తారు. పేదోడికి ఉచితంగా వచ్చింది. ఇంకేం కావాలి?

అంతకు ముందరి తెలుగుదేశం ప్రభుత్వం తక్కువ తిన్నదా? పట్నాల్లో పేదలకు టిడ్కో ఇళ్లు మొదలుపెట్టింది. 300, 365, 430 చదరపు అడుగులు. గోడలు లేచాయి, గృహప్రవేశాలు మాత్రం వాయిదా పడ్డాయి. అంతలో ప్రభుత్వం మారి జగన్ వచ్చారు. కొత్తవాళ్లకు ముందు గుర్తొచ్చింది ఏమిటి? కొళాయా? మురుగు కాలవా? కాదు సామీ. రంగు!

రంగు గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. పంచాయతీ ఆఫీసులకు అధికార పార్టీ రంగులేశారు. 2020 మార్చిలో హైకోర్టు తీసేయమంది. సుప్రీంకోర్టుకు పోయారు, చుక్కెదురైంది. ఊరుకున్నారా? ఏప్రిల్లో 623 నంబరు జీవో తెచ్చారు. పాత రంగుల కింద ఎర్రమట్టి రంగు ఒకటి చేర్చి, ఒక్కో రంగుకూ ఒక్కో అర్థం చెప్పారు. హైకోర్టు అదీ కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు నాలుగు వారాల్లో రంగులు తీసేయాల్సిందేనని చెప్పింది. కరోనా వచ్చి జనం ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇళ్లలో కూర్చున్న రోజులవి. దేశంలోనే పెద్ద కోర్టు కూర్చుని మన గోడకు ఏ సున్నం వేయాలో తేల్చింది. వేసిన ఖర్చు మనది. గీకిన ఖర్చు మనది. లాయర్ల ఖర్చూ మనదే.

గోడలతో ఆగితే పోనీలే అనుకోవచ్చు. వంటశాలనూ వదల్లేదు. 2018 జూలైలో అన్న క్యాంటీన్లు తెరిచారు. ఐదు రూపాయలకు భోజనం, తెలుగుదేశం పసుపుపచ్చ గోడలు. 2019లో ప్రభుత్వం మారింది, క్యాంటీన్లు మూతపడ్డాయి. చాలాచోట్ల ఆ భవనాలకు కొత్త పార్టీ రంగులు పడ్డాయి. గమనించారా? రంగుకు డబ్బులున్నాయి, అన్నానికి లేవు. 2024 ఆగస్టు 15న మళ్లీ తెరిచారు. సంతోషం. మళ్లీ పసుపే. పప్పులో వేసిన పసుపు చాలదా, గోడకు కూడానా? రేపు ప్రభుత్వం మారితే ఆ పొయ్యి గతేంటి?

పెద్దలు తమ కోసం కట్టుకునేటప్పుడు మాత్రం ఈ రంగుల తగాదా ఉండదు. విశాఖ రుషికొండ మీద పర్యాటకం పేరుతో లేచిన భవనాల్లో స్నానపు తొట్టిని 2024 జూన్‌లో రాష్ట్రమంతా టీవీలో చూసింది. బకెట్టు నీళ్లకు బిందెలు వరుసలో పెట్టిన ఆడవాళ్లు కూడా చూశారు.

వంటిల్లంటే ఏమిటో తెలియనివాళ్లేం కాదు వీళ్లు. తెలియకపోతే మళ్లీ కొండెక్కమనండి. 1985లో ఎన్టీఆర్ హయాంలో మొదలైన అన్నదానం ఈ రోజుకీ సాగుతూనే ఉంది. కాంగ్రెస్ వచ్చింది, పోయింది. తెలుగుదేశం వచ్చింది, పోయింది, వచ్చింది. వైఎస్సార్‌సీపీ వచ్చింది, పోయింది. ఎసరు దిగలేదు. 2002లో ఎండ వేడితో ఆవిరి పుట్టించి పదిహేను వేలమందికి వండే ఏర్పాటు అక్కడ చేశారు. 2011లో తరిగొండ వెంగమాంబ పేరిట పెద్ద భవనమే తెరిచారు. అక్కడ కడుపునిండా తిని వచ్చినవాణ్ణి ఆపి గోడలు ఏ రంగని అడగండి. తెలీదంటాడు. సాంబారు ఎట్టుందో అడగండి, చెబుతాడు.

కాబట్టి ఒక మనవి. ఈసారి మీ కాలనీకి నాయకుడొస్తే హాల్లో కుర్చీ వేయొద్దు. శాలువా తేవొద్దు. గోడ రంగు చూపించొద్దు. నేరుగా వంటింట్లోకి తీసుకుపోండి. ఆయనా, ఆయన వెనకున్న ఇద్దరూ అందులో పడతారో లేదో చూడండి. పడితే, కొళాయి తిప్పమనండి.