చూద్దాం తమ్మీ

సింగరేణిలో ఏ బొగ్గు బాయి మీదైనా యూనియన్ పిట్ సెక్రటరీని పట్టుకోవడం కష్టమేమీ కాదు. షిఫ్టు మారే వేళ మస్టర్ ఆఫీసు దగ్గర, తర్వాత క్యాంటీన్ ముందు, అక్కడా లేకపోతే మేనేజర్ గది గుమ్మం పక్కన ఉంటాడు. బాయిలోకి చివరిసారి ఎప్పుడు దిగాడో మాత్రం ల్యాంప్ రూమ్ వాళ్లనే అడగాలి. కష్టమల్లా ఆయన నోట రెండో వాక్యం రాబట్టడమే.

"అన్నా, నా క్వార్టర్ దరఖాస్తు ఏమైంది?"

"చూద్దాం తమ్మీ."

"ఇచ్చి ఆర్నెల్లయింది అన్నా."

"నడుస్తాంది."

ఎక్కడికి నడుస్తోందని అడిగేలోపు ఆయన ఫోన్ చెవికి చేరిపోతుంది. అవతల ఎవరైనా ఉన్నారో లేదో మనకు తెలియదు.

ఇదే మనిషికి గేట్ మీటింగులో మైకు దొరికితే మాత్రం వదలడు. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైన దగ్గర్నుంచి అందుకుంటాడు. 2024లో లాభాల వాటా 33 శాతం ఎట్లా ఖరారైందో, ఆ లెక్కన 796 కోట్లు ఎలా వచ్చాయో కాగితం చూడకుండా చెప్తాడు. అది తన యూనియన్ కొట్లాడి తెచ్చిందేనంటాడు. ప్రతి యూనియన్ మైకూ అదే మాట అంటుంది కాబట్టి ఎవరూ నొచ్చుకోరు. అంత జ్ఞాపకశక్తి ఉన్న మనిషికి కిందటి వారం తన చేతికిచ్చిన దరఖాస్తు మాత్రం గుర్తుండదు.

వాట్సాప్‌లో రాస్తే ఇంకా పొదుపు. కురుస్తున్న అద్దె ఇంటి ఫొటోతో సహా గోడంత మెసేజ్ రాసి పంపితే మూడో రోజుకు బొటనవేలు బొమ్మ వస్తుంది. ఇంట్లో ఆమె "పనైందా?" అంటుంది. "అన్న వేలు చూపెట్టిండు" అని చెప్పుకోవాలి.

మరీ పట్టుబడితే "స్ట్రక్చర్ మీటింగ్‌ల పెడతా" అంటాడు. అది ఉత్త మాట కాదు. బాయి మీద తేలనిది ఏరియాలో జీఎం దగ్గరికి, అక్కడా తేలనిది కార్పొరేట్ స్థాయికి పోయే మెట్లు నిజంగానే ఉన్నాయి. మన కాగితం వాటిలో ఏ మెట్టు మీద కునుకు తీస్తోందో చెప్పేవాడే ఉండడు.

2023 డిసెంబరు 27 నాటి గుర్తింపు సంఘం ఎన్నికలు ఆయనకు మరో వెసులుబాటు కల్పించాయి. కంపెనీ మొత్తం మీద గుర్తింపు 1,999 ఓట్ల తేడాతో ఒక సంఘానికి దక్కింది. 11 ఏరియాల్లో 6 మాత్రం రెండో సంఘం ప్రాతినిధ్యం కిందికి పోయాయి. ఇక ఒకాయన్ని అడిగితే "ఈ ఏరియాల వాళ్లు గెలిచిండ్రు, వాళ్లనే అడుగు" అంటాడు. ఇంకొకాయన దగ్గరికి పోతే "గుర్తింపు వాళ్లకు పాయె గదా, మా మాట ఎవడింటడు?" అంటాడు. ఇద్దరి మధ్య తిరిగే కార్మికుడికి బీపీ తగ్గడానికి వేరే వాకింగ్ అక్కర్లేదు.

అయితే బాయిలో రూఫ్ కూలిందంటే ఇంటివాళ్లకన్నా ముందు ఏరియా ఆసుపత్రి దగ్గర నిలబడేది కూడా ఈయనే. ఆ రోజు ఫోన్ ఒక్క రింగుకే ఎత్తుతాడు. అందుకే ఎంత తిట్టుకున్నా ఎవరూ ఆయన నంబరు తీసెయ్యరు.

ఆ పొదుపు మాటలు ఎక్కడ నేర్చాడో తెలియాలంటే పర్సనెల్ ఆఫీసర్ గది బయట కాసేపు కూర్చోవాలి. మన కాగితం పట్టుకుని లోపలికి పోయిన అన్న రెండు నిమిషాల్లో బయటికొస్తాడు. లోపల ఆయనకు దక్కిందీ "చూద్దాం" ఒక్కటే. కాకపోతే అక్కడ చివర తమ్మీ ఉండదు. సంతకం పెట్టే అధికారం అన్నకు లేదు. తలుపు తట్టకుండా లోపలికి పోవడమొక్కటే ఉంది. ఆ సంగతి విడమరిచి చెబితే వచ్చే ఎన్నికల్లో ఓట్లు రాలవు. పొడుగు జవాబిస్తే ఎక్కడో ఒకచోట నిజం జారిపడుతుందని ముక్తసరిగా సరిపెడతాడు.

ముదిరిన కార్మికులు ఆయన్ని అసలు ప్రశ్నే అడగరు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఒక కోల్ కట్టర్ కొత్తగా చేరిన కుర్రాడితో అన్నకు పెట్టించిన మెసేజ్ ఇది: "అన్నా, నా క్వార్టర్ సంగతి ఇగ విడిచిపెట్టు. అవతలి యూనియనాయన సోమవారం కల్లా అయితదన్నడు."

అన్నాళ్లూ బొటనవేలి బొమ్మ దగ్గరే ఆగిన మనిషి నుంచి అయిదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఎవడన్నడు? ఎట్లయితది వానితోని? నువ్వేడున్నవ్? దరఖాస్తు జిరాక్స్ ఇంకోటి పట్టుకొని క్యాంటీన్ కాడికి రా. ఆధార్ గూడ తే. జీఎం ఆఫీసుకు ఇప్పుడే పోదాం."

అవతలి యూనియనాయన నిజానికి ఏమీ అనలేదు. కుర్రాడు ఆయనకు కూడా వాట్సాప్‌లో పెట్టాడు. అక్కడినుంచి బొటనవేలు ఇంకా రావాలి.