వంశధార ఇసకలో మా బావ యంత్రం

శ్రీముఖలింగంలో కర్ర పట్టుకు తిరిగితే గొడ్లు కాసేవాడంటారు. కెమెరా పట్టుకు తిరిగితే ప్రొఫెసరంటారు. మెటల్ డిటెక్టరు పట్టుకు తిరిగితే మాత్రం లంకెబిందెల ముఠా అంటారు. ఈ సంగతి న్యూజెర్సీలో ఉండే మా బావకి ఎవరూ ముందుగా చెప్పలేదు.

అక్కడ ఆదివారమైతే చాలు, ఆయన పార్కులో తేలతాడు. పిల్లలు ఉయ్యాలలూగే చోటా, పెద్దలు గడ్డిమీద దొర్లే చోటా జేబుల్లోంచి జారిన చిల్లర ఏరడం అక్కడొక కాలక్షేపమట. కొన్ని పార్కుల్లో అందుకు పర్మిట్ కూడా తీసుకోవాలట. జారిపోయిన చిల్లర ఏరుకోవడానికి కాగితం రాసిచ్చే దేశం ఎంత కలిగిన దేశమో మీరే ఆలోచించండి. పొలం అమ్మి పంపిన కొడుకు అక్కడ సెంట్లు ఏరుతున్నాడని మా అత్తకి మాత్రం ఇంతవరకూ తెలీదు.

శివరాత్రి ఉత్సవాలకి వస్తూ ఆ యంత్రాన్ని కూడా మోసుకొచ్చాడు. మాకు పార్కు లేదు, వంశధార ఇసకే పార్కు. చక్రతీర్థ స్నానం నాడు అక్కడ మనిషి మీద మనిషి. ఇటు సిక్కోలు వాళ్లూ, అటు ఒడిశా వాళ్లూ అందరూ ఆ నీళ్లలోనే మునుగుతారు. "ఇంతమంది మునిగితే ఎంత చిల్లర రాలుతుందో లెక్కేసుకోరా" అన్నాడు బావ. లెక్క తప్పని నేనూ అనలేను.

మర్నాడు పొద్దున్నే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇసకలో దిగాడు. నిమిషంలో గుంటలంతా చుట్టూ మూగారు. అడ్డపొగ పీలుస్తున్న ఒక ముసలమ్మ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే అడిగింది.

"ఏటి బావూ, బాంబేటి?"

"కాదమ్మా, డబ్బులు వెతుకుతన్నాను."

"ఓలమ్మా! అమిరికాలో ఉజ్జోగం పోనాదేటి?"

యంత్రం కుయ్యిమన్నప్పుడల్లా జనం ఒక అడుగు ముందుకొచ్చేవారు. మొదట బీరుసీసా మూత. తరవాత ఎద్దు నాడా. ఆపైన పిన్నీసులు, బ్లేడు ముక్కలు, తలనొప్పి మాత్రల రేకులు. భక్తి ఎక్కువైన చోట తలనొప్పి కూడా ఎక్కువేనని అప్పుడు తెలిసింది.

ఈ యంత్రం పనిచేసే తీరు బావ చెప్పాడు. అడుగున ఉన్న తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కింద లోహం ఉంటే అందులోనూ చిన్న కరెంటు పుట్టి బదులు పలుకుతుంది. ఆ బదులే కూత. టెలిఫోను గ్రాహంబెల్ 1881లో ఇలాంటిదే తయారుచేసి, అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటా కోసం వెతికాడు. పరుపులోని ఇనప స్ప్రింగులు అడ్డొచ్చాయంటారు. ఏమైతేనేం, తూటా దొరకలేదు, అధ్యక్షుడు దక్కలేదు.

బావ మనసు మాత్రం చిల్లర మీద లేదు, గాంగుల ఫణాల మీద ఉంది. ముఖలింగమంటే పాతకాలపు కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. వాళ్ల బంగారు ఫణం అర గ్రాము కూడా తూగదు. ఒకవైపు పడుకున్న నంది, రెండోవైపు అంకుశం, దాని దగ్గర రాజుగారి ఏలుబడి సంవత్సరం. ఆ సంవత్సరాల లెక్క తమాషాగా ఉంటుంది. ఆరుతో ముగిసే అంకెలు వదిలేస్తారు. పది తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. మా చుట్టాల ఆడవాళ్లు వయసు చెప్పే పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇన్నాళ్లకి అర్థమైంది.

చిక్కేమిటంటే, అంత చిన్న బంగారు బిళ్లా, అల్యూమినియం రేకూ యంత్రానికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. రేకులొద్దని మీట నొక్కితే గాంగుల బంగారం కూడా పోతుంది. వద్దనకపోతే మాత్రల రేకులన్నీ మీవే.

ఇక్కడ అందరికన్నా పెద్ద నిధి తవ్వినాయన చేతిలో అసలు యంత్రమే లేదు. 1863లో పక్కనే పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గుడి రాళ్లమీది శాసనాలు తనంతట తాను చదవడం నేర్చుకుని, కళింగనగరమంటే ఈ ముఖలింగమే అని తేల్చారు. ఊరు ఊరంతా దొరికింది, ఒక్క గొయ్యి తవ్వలేదు. ఈ మాట బావతో అంటే, "చదవడం కష్టంరా" అన్నాడు. నిజమే.

ఎండెక్కేసరికి కబురు ఊరు దాటింది. గుడి ముందు నందికింద నిధి ఉందని ఒకాయనకి కల కూడా వచ్చేసింది. కలల్ని తీసిపారెయ్యడానికి లేదు. 2013లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లాలో ఒక సాధువుకి వెయ్యి టన్నుల బంగారం కలలో కనిపిస్తే పురావస్తు శాఖే వెళ్లి తవ్వింది. పెంకులూ మేకులూ దొరికాయి. మన కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో 2017లో అధికారుల సమక్షంలోనే తవ్వారు. బంగారం రాలేదు, ఎముకలొచ్చాయి.

ఒక హోంగార్డు వచ్చి బావని పక్కకి పిలిచాడు. పదవీ విరమణ చేసిన మా ప్లీడరు తాతగారు చట్టం చెప్పారు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాచిన సొమ్ము పది రూపాయలు మించి దొరికితే కలెక్టరుకి రాసివ్వాలి. దాచితే ఏడాది దాకా జైలు. నూట నలభై ఏళ్లు దాటినా ఆ పది రూపాయలు పది రూపాయలుగానే ఉన్నాయి, ధరలు పెరగని చోటు దేశంలో అదొక్కటే. భక్తులు పారేసుకున్నది దాచినది కాదు కదా అని బావ వాదించబోయాడు. తాతగారు ఊరుకోలేదు: గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, చుట్టూ వంద మీటర్లు నిషిద్ధం, ఆపైన మరో రెండు వందలు అనుమతుల ప్రాంతం. ఆ పరిధిలో సొంత మరుగుదొడ్డి కట్టుకోడానికే కాగితాలు పట్టుకు తిరగాలి. చిల్లర గోతికి ఎవరిస్తారు? యంత్రం మూటలోకి వెళ్లింది.

ఈ గొడవంతా జరుగుతుండగా ఇద్దరు గుంటలు తాడుకి అయస్కాంతం కట్టి నీళ్లలో ఈడ్చుకుంటూ పోయారు. రాజమండ్రి గోదావరి రేవుల్లోనూ ఇదే విద్య. బ్యాటరీ అక్కర్లేదు, పర్మిట్ అక్కర్లేదు, రేకుల బెడద లేదు. సాయంత్రానికి వాళ్ల జేబులు బరువెక్కాయి. బావ ఒక కుర్రాణ్ణి ఆపి లెక్క అడిగాడు. "రూపాయిలు, రెండ్రూపాయిలే వస్తన్నాయి సార్, అయిదు రావట్లేదు" అన్నాడు వాడు దిగులుగా. రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఉక్కువి, అయస్కాంతానికి అంటుకుంటాయి. అయిదు రూపాయల ఇత్తడి బిళ్ల అంటుకోదు.

అందుకని వచ్చే చక్రతీర్థానికి ముఖలింగం వచ్చేవాళ్లకి నా మనవి ఒక్కటే. యంత్రాలు ఇంటిదగ్గర పెట్టి రండి. నదిలో చిల్లర వేసేటప్పుడు అయిదు బిళ్ల జేబులోనే ఉంచుకుని, దాని బదులు రెండు రూపాయల బిళ్లలు రెండు వెయ్యండి. మీకు రూపాయి మిగులుతుంది, గుంటలకి నాలుగు దొరుకుతాయి.