ఫర్నేస్ మూత తెరిచే నాథుడేడీ?

మిషిగన్‌లో జనవరి రాత్రి మనవాళ్ల ఇంట్లో ఫర్నేస్ ఆగితే ఇప్పుడు మొట్టమొదట జరిగేదేమిటి? బేస్‌మెంట్‌లోకి దిగడం కాదు. "మంచి టెక్నీషియన్ ఎవరైనా తెలుసా?" అని వాట్సాప్ గ్రూపులో అడగడం. తెల్లారేలోగా నలుగురు నాలుగు నంబర్లు పంపుతారు. ఈలోపు ఇంటిల్లిపాదీ జాకెట్లు వేసుకుని సోఫాలో ముడుచుకుంటారు.

మేం డెబ్బైల్లో డిట్రాయిట్ పక్కన కాపురం పెట్టినప్పుడు ఫర్నేస్‌లో పైలట్ అని ఒక చిన్న నీలిమంట ఉండేది. దేవుడి గదిలో అఖండ దీపంలా రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉండాలి. అది ఆరిందంటే ఇల్లు చల్లబడ్డట్టే. గ్యాస్ కట్టేసి, లోపల నిలిచిన గ్యాస్ పోయేదాకా కాసేపు ఆగి, సిమెంటు నేల మీద బోర్లా పడుకుని, నాబ్ నొక్కిపట్టి అగ్గిపుల్ల అందించేవాళ్లం. వెలిగిందని వెంటనే వదిలేస్తే కుదరదు. మంట పక్కనుండే థర్మోకపుల్ వేడెక్కేదాకా ఒక నిమిషం నొక్కే ఉంచాలి. అంతసేపు ఉంచినా చెయ్యి తీయగానే ఆరిపోతోందంటే థర్మోకపుల్ పోయిందన్నమాట. పొద్దున్నే హార్డ్‌వేర్ షాపులో కొత్తది కొనుక్కొచ్చి ఒక్క రెంచితో బిగించేసేవాళ్లం. గోడ మీద గుండ్రటి థర్మోస్టాట్, దాని లోపల పాదరసం బుడ్డి. అది కాస్త పక్కకి ఒరిగినా లెక్క తప్పేది.

ఆ పాత ఫర్నేస్ గొప్పదని నేననను. నూరు రూపాయల గ్యాస్ కాలిస్తే అరవై, అరవై ఐదు రూపాయల వేడి ఇంటికి దక్కేది, మిగతాది పొగగొట్టం పాలు. ఇప్పటివి తొంభై ఐదు దాకా దక్కిస్తాయి. బిల్లు విషయంలో కొత్తదానితో నాకేం పేచీ లేదు.

నా పేచీ మనుషులతో. పాత ఫర్నేస్ మూగది, రోగమేమిటో మనమే పట్టుకోవాలి. ఇప్పటిది తన జబ్బు తనే చెబుతుంది. తలుపులో చిన్న అద్దం, లోపల మిణుకుమిణుకుమనే లైటు. ఎన్నిసార్లు మిణుకుమంటే ఏ రోగమో తలుపు లోపలివైపు పట్టీ అంటించి మరీ ఇస్తారు. అది చదవడానికి ఆ తలుపు తీసేవాడేడీ?

అసలు అంతదాకా పోనక్కర్లేదు. థర్మోస్టాట్ బ్యాటరీలు చూడండి. ఫర్నేస్ పక్కన అచ్చం లైటు స్విచ్‌లాంటిదే ఒకటుంటుంది, దాన్నెవరైనా ఆపేశారేమో చూడండి. తర్వాత ఫిల్టర్. మావాడింటికి నెలనెలా కొత్త ఫిల్టర్ పోస్టులో వస్తుంది, గరాజ్‌లో కప్పు దాకా పేరుకున్నాయి. ఫర్నేస్‌లో ఉన్నది మాత్రం బూడిదరంగు కంబళి అయిపోయింది. గాలి ఆడకపోతే లోపల వేడి మితిమీరి, లిమిట్ స్విచ్ మంటను ఆర్పేస్తుంది. ఆ తప్పు ఫర్నేస్‌దా?

మంట అంటుకుని నాలుగైదు సెకన్లకే ఆరిపోతోందా? ముందు అనుమానించాల్సింది ఫ్లేమ్ సెన్సర్‌ని. బర్నర్ మంటలో ఉండే సన్నటి లోహపు కడ్డీ అది. మంట గుండా మైక్రోఆంపుల్లో లెక్కపెట్టేంత కొద్ది కరెంటు పారితేనే మంట ఉందని ఫర్నేస్ కంట్రోల్ బోర్డు నమ్ముతుంది. కడ్డీకి పొర పట్టిందంటే, ఎదురుగా మంట మండుతున్నా లేదనుకుని గ్యాస్ కట్టేస్తుంది. కరెంటు ఆపి, ఒక్క స్క్రూ విప్పి, స్టీల్ వూల్‌తో మెల్లగా రుద్దితే సరి. మావాడు పిలిచిన టెక్నీషియన్ బోర్డే మార్చాలన్నాడు! ఇక మంచు తుఫాను తర్వాత ఆగిందంటే, పక్కగోడలోంచి బయటికొచ్చే తెల్ల ప్లాస్టిక్ గొట్టాల దగ్గరికి పార పట్టుకుని వెళ్లండి. మంచు మూసేసి ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం నా వీరత్వం చెల్లదు. కుళ్లిన గుడ్డు వాసనొస్తే స్విచ్ కూడా ముట్టుకోకుండా అందరూ బయటపడి, అక్కణ్నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా బయటికే, ఫోను 911కి. మా రోజుల్లో ఇళ్లలో ఆ అలారాలే లేవు. అదృష్టం మీద బతికాం.

కిందటి అక్టోబర్‌లో మావాడు అద్దె మోటార్‌హోమ్‌లో అందరినీ అప్పర్ పెనిన్సులాకి తీసుకెళ్లాడు. రాత్రి ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతోంది, మంట లేదు. "ప్రొపేన్ అయిపోయింది నాన్నా" అన్నాడు. పక్కనే పొయ్యి మీద కోడలు నిక్షేపంగా టీ కాస్తోంది! ఆ ఫర్నేస్‌కి గ్యాస్ ఒక్కటే చాలదు, పన్నెండు వోల్టుల బ్యాటరీ కావాలి. ఫ్యాన్ జోరుగా తిరిగి, ఆ గాలికి సెయిల్ స్విచ్ రేకు కదిలితేనే నిప్పురవ్వ పడుతుంది. సాయంత్రమంతా టీవీ చూసి, ఫోన్లన్నీ చార్జింగ్ పెడితే బ్యాటరీలో ఏం మిగులుతుంది? ముందు టార్చి పట్టుకుని బయటి గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టలేదు కదా అని చూశాను. లేదు. ఇంజిన్ కాసేపు నడిపించి, థర్మోస్టాట్ ఆపి మళ్లీ వేశాను. ఫ్యాన్ మోత మారింది, మంట అంటుకుంది.

"యూట్యూబ్‌లో చూశారా మావయ్యగారూ?" అంది కోడలు.