ఇండియా అయిపోయిందటండీ

మొత్తానికి మన ఊరికీ వచ్చేసింది. హైదరాబాదులోనూ డాలస్‌లోనూ ఆడి ఆడి పాతబడ్డ ఆట ఖరగ్‌పూర్‌కి రాకుండా పోతుందా? ఇప్పుడు మథురాకాటి నుంచి నింపురా దాకా ఏ తెలుగింటికి వెళ్ళినా “మీరే దేశంలో ఉన్నారు?” అన్నదే పలకరింపు. మొన్న గోల్ బజారులో తోటకూర బేరమాడుతుంటే రిటైర్డ్ గార్డుగారొకాయన వెనకనుంచి భుజం తట్టారు. “ఏటి మాస్టారూ, మేం నిన్ననే పెరూ దాటేశాం. మీరింకా ఇక్కడే ఉండిపోనారా?” ఆయన సంచీలో వంకాయలున్నాయి, ముల్లంగి ఉంది. పెరూ ఆనవాళ్ళు మాత్రం కనబడలేదు.

ప్రపంచ రికార్డుల యావ మనకి కొత్త కాదు లెండి. 1072 మీటర్ల ప్లాట్‌ఫారం భూమండలంలోకెల్లా పొడుగని ఎన్నేళ్ళు చెప్పుకు బతికాం! 2013లో గోరఖ్‌పూర్ దాన్ని లాగేసుకుంది. గోరఖ్‌పూర్ దగ్గర్నుంచి హుబ్బళ్ళి లాగేసుకుంది. చుట్టాలొస్తే చూపించడానికి ప్రపంచ స్థాయి సరుకు ఏదో ఒకటి ఉండాలి కదా. కాబట్టి 195 దేశాలు, దేశానికో పుస్తకం, ఆదివారానికో దేశం, అందరూ కలిసి. మూడేళ్ళ తొమ్మిది నెలల్లో భూగోళం సాంతం చదివేసి చేతులు దులుపుకుంటారన్నమాట.

ఈ వ్రతం పట్టినవాళ్ళలో పేరుమోసింది ఇంగ్లండు రచయిత్రి ఆన్ మోర్గన్. 2012లో ఏడాది తిరిగేలోగా దేశానికో పుస్తకం చదివింది. సావో తోమే ప్రిన్సిపే అనే చిన్న ద్వీపదేశానికి ఇంగ్లీషులో ఏమీ దొరక్కపోతే ముక్కూమొహం తెలియని వాళ్ళని బతిమాలి, ఒక పోర్చుగీసు పుస్తకాన్ని తలా కాస్తా పంచి అనువాదం చేయించుకుంది. దక్షిణ సూడాన్ అప్పటికి పుట్టి ఏడాదయినా కాలేదు, పుస్తకాలెక్కణ్ణించి వస్తాయి? ఆ దేశపు రచయిత్రి ఒకామె ఈమె కోసమే రాసి పంపింది. ఆవిణ్ణి నేనేమీ అనను. చదివింది, చదవడానికి పాట్లు పడింది. మనవాళ్ళు ఆ పాట్లు అక్కడే వదిలేసి లెక్క ఒక్కటీ ఎత్తుకొచ్చారు.

అసలు ఇక్కడ నడుస్తున్నది పుస్తకాల కథ కాదు, పటం కథ. గోడ నిండా ప్రపంచ పటం. చదివిన దేశానికి రంగు వెయ్యాలి. ఆ పని ఎవరికప్పగించారో చూడండి: ఉద్యోగమంతా కంట్రోల్ ఆఫీసులో కూర్చుని చార్టు మీద రంగు పెన్సిళ్ళతో బళ్ళు నడిపిన పెద్దమనిషికి. ఎక్స్‌ప్రెస్‌కొక రంగు, గూడ్సుకొక రంగు వేసి అలవాటైన చెయ్యి. ఆయనకి ఖాళీ జాగా కనబడితే ప్రాణం ఊరుకోదు. “ఆఫ్రికా చాలా లేటు నడుస్తోంది” అని గద్దిస్తారు. ఆ గద్దింపుకి జడిసి ఒకావిడ ఒకే వారంలో చాద్, నైజర్, మాలీ పూర్తిచేశారు. ఏం చదివారో ఆవిడకీ గుర్తులేదు, నేనడిగితే నొచ్చుకున్నారు.

పటం నేర్పే పాఠం ఒకటుంది. చెహోవ్ చిన్నకథ ఒకటి చదివారు. టీ చల్లారేలోగా అయిపోయింది. దానికి రష్యా యావత్తూ, 1.7 కోట్ల చదరపు కిలోమీటర్లు, ఎర్రబారిపోయింది. పెన్సిలు రెండుసార్లు చెక్కాల్సొచ్చిందట. ‘యుద్ధము-శాంతి’ చదివినా అదే రష్యా, అదే ఎరుపు. ఇంక మతి ఉన్నవాడెవడు టాల్‌స్టాయ్ జోలికి పోతాడు? దేశం ఎంత పెద్దదైతే పుస్తకం అంత పల్చగా ఉండాలి. కెనడాకి ఆలిస్ మన్రో కథ ఒక్కటి. బ్రెజిల్‌కి ఎటూ ‘పరుసవేది’ ఉండనే ఉంది, ఈ ఆట ఆడే ఇళ్ళలో బ్రెజిల్ అంటే అదే. వాటికన్‌కి పోపుగారి ఉత్తరం ఒకటి సరిపెట్టారు.

పోనీ అంతటితో ఆగిందా? ఒకాయన అటక మీది ట్రంకుపెట్టెలోంచి ఐత్మాతోవ్ ‘జమీల్యా’ తీసుకొచ్చారు, పాత మాస్కో ప్రచురణ. మంచి పుస్తకం. పాపం చదివే తెచ్చారు. కానీ కంట్రోలరు గారి సందేహం వేరే. సోవియట్ యూనియన్ పటంలో లేదు కదా, రంగెక్కడ వెయ్యాలి? ఐత్మాతోవ్‌ది కిర్గిజ్‌స్తాన్ అని తేలేసరికి అరగంట, ఆ కిర్గిజ్‌స్తాన్ పటంలో దొరికేసరికి ఇంకో అరగంట. జమీల్యా గురించి ఒక్క ముక్క లేదు. మొగుడు యుద్ధంలో ఉండగా ఇంకొకడితో వెళ్ళిపోయిన ఆడమనిషి కథ అది. మన సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఆ పని ఎవరైనా చేసి ఉంటే ఏమనేవాళ్ళమో కూర్చుని మాట్లాడుకోవచ్చు. కానీ రంగు పడిపోయాక ఇంకేం మాట?

గొగోల్ ఉక్రెయిన్‌లో పుట్టి రష్యన్‌లో రాశాడు. దీని మీద ఇద్దరు మిత్రులు మాట్లాడుకోవడం మానేశారు. కాఫ్కా ప్రాగ్‌లో పుట్టాడు, జర్మన్‌లో రాశాడు, పుట్టినప్పుడు ఆ ఊరు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉంది. ఆయనకి ఆర్‌ఏసీ ఇచ్చారు, ఏ దేశంలో బెర్తు ఖాళీ ఉంటే అందులోకి. ఒక కుర్రాడైతే, బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబు రంగూన్‌లో పదేళ్ళకి పైగా గుమాస్తాగిరీ చేశాడు, ‘పథేర్ దాబీ’ కథంతా బర్మా చుట్టూనే తిరుగుతుంది, బర్మాకి జమకట్టేద్దామన్నాడు. ఆ నవలని 1927లో తెల్లదొరలు నిషేధించారు. ఇన్నేళ్ళకి మన కమిటీ కూడా చెల్లదు పొమ్మంది. కారణాలు వేరనుకోండి.

మిగతావి పెద్దగా చెప్పుకోవక్కర్లేదు. నైజీరియా ఆదివారం జొలోఫ్ రైస్ అని వడ్డించింది మన టమాటా పులావే, కరివేపాకుతో సహా. కలకత్తా పుస్తకాల జాతరలో 2025లో జర్మనీ అతిథి దేశమైతే, ఆ పెవిలియన్ ముందు ఫోటో దిగొచ్చి జర్మనీకి రంగేసుకున్నవాళ్ళున్నారు. పుస్తకం బదులు పది నిమిషాల వీడియో చూసినా చెల్లుతుందని ఈమధ్యే తీర్మానం కూడా అయింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఒక ఆదివారం నేనూ వెళ్ళి, నోరూరుకోక బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి పేరెత్తాను. కంట్రోలరు గారు పటం వైపు తిరిగి, ఆకుపచ్చగా ఉన్న మన దేశం మీద పెన్సిలు ఆనించి, ఎంతో మర్యాదగా చెప్పారు:

“ఇండియా అయిపోయిందండీ.”

ఇండియాకి చదివిందేమిటంటే, ఎవరి అబ్బాయో ఎయిర్‌పోర్టులో కొన్న ఇంగ్లీషు నవల. దాంతో కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా రంగు పడిపోయింది. బెంగాలీ, ఒడియా, తమిళం, సంతాలీ, తెలుగు అన్నీ ఆ ఒక్క పేపర్‌బ్యాక్ కిందకొచ్చేశాయి.

నాకు ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మహాశ్వేతాదేవి పేరు నేను ఊరికే ఎత్తలేదు. చూనీ కోటాల్ అనే ఆమె గురించి చదువుదామన్నాను. మన మేదినీపూర్ జిల్లా మనిషి, లోధా శబర తెగలో పుట్టింది. నేరస్థ తెగల చట్టం కింద ఇంగ్లీషువాళ్ళు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన జనం వాళ్ళు. చట్టం 1952లో పోయింది, ముద్ర పోలేదు. ఆకలికి ఓర్చి, కూలికి పోయి, 1985లో డిగ్రీ పూర్తిచేసింది. ఆ తెగలో పట్టభద్రురాలైన మొదటి ఆడపిల్ల. హాస్టల్ సూపరింటెండెంటుగా ఉద్యోగం చేస్తూ పై చదువుకి వెళితే, అక్కడ జాతి పేరు పెట్టి అవమానిస్తున్నారని ఫిర్యాదు మీద ఫిర్యాదు చేసింది. విచారణలు నడిచాయి, ఫలితం లేదు. 1992 ఆగస్టు 16న ప్రాణం తీసుకుంది. ఎక్కడనుకున్నారు? ఈ ఖరగ్‌పూర్‌లో. భర్త ఉంటున్న ఒంటిగది ఇంట్లో. ఆయన పనిచేసింది మన రైల్వే వర్క్‌షాపులో. ఏ వర్క్‌షాపు జీతం మీద మన మూడు తరాలు బతికాయో ఆ వర్క్‌షాపే.

కలకత్తా అట్టుడికింది. మహాశ్వేతాదేవి పత్రికల్లో నిలదీసి రాసింది. ఆ మనిషి ఇక్కడ చచ్చిపోయిందని మన తెలుగువాడలో ఎంతమందికి తెలుసు? మహాశ్వేత తెలుగులో దొరకదా అంటే, ‘ఎవరిదీ అడవి’, ‘ఒక తల్లి’ ఎప్పుడో వచ్చాయి. పుస్తకాలకి కరువు లేదు. చాద్ గురించి తెలుసుకోవద్దని నేననను. చాద్ గురించి కూడా వీళ్ళు తెలుసుకోలేదు, రంగు వేశారు. ఏ దేశపు పుస్తకమైనా మన పక్కింటి మనిషిని కొత్తగా చూసేలా చెయ్యకపోతే, దాన్ని పది మంది చుట్టూ కూర్చుని చదవడం దేనికి? ఎవరింట్లో వాళ్ళు పడుకోవచ్చు.

కలిసి చదవడం మనకేమన్నా కొత్తా? 1935లో కృష్ణా కాలవ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పిన జాతి మనది. అక్షరం వచ్చినవాడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతుంటే చుట్టూ రానివాళ్ళు చేరేవాళ్ళు. వి.వి.గిరి బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని సమ్మెకి నడిపించిన రోజుల్లో కరపత్రాలు ఈ ఊళ్ళో ఎలా చదివి ఉంటారనుకున్నారు? ఒకడు చదివితే ఇరవైమంది విని, ఆ ఇరవైమందీ తగువులాడుకుని ఉంటారు.

ప్రపంచమూ కొత్త కాదు. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోలో కూర్చుని ఏళ్ళ తరబడి రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేశారు. సహవాసి ‘ఏడు తరాలు’ ఇచ్చాడు. అచేబే నవల ‘చెదిరిన సమాజం’ అయి వచ్చింది. కెన్యా జైల్లో గూగీ టాయిలెట్ కాగితాల మీద, ఇంగ్లీషు వదిలేసి తన గికుయు భాషలో, ఒక నవల రాశాడు. ఇక్కడ వరవరరావు జైల్లోనే ఉండి దాన్ని ‘మట్టికాళ్ళ మహారాక్షసి’ చేశాడు. రెండు జైళ్ళు దాటి మన చేతికొచ్చిన పుస్తకమది. కెన్యా ఆదివారం నాడు మనవాళ్ళు చదివింది ఇంగ్లీషు ప్రతి. ఎందుకయ్యా అంటే, పిల్లలకి ఇంగ్లీషు బాగుపడుతుందట! ఇంగ్లీషుని వదిలించుకోడానికి తన భాషలో రాసుకున్న మనిషి చేత ఇంగ్లీషు ట్యూషను చెప్పించిన ఘనత మన ఊరికే దక్కాలి.

ఆ పిల్లల్ని అని లాభం లేదు. ఇంట్లో “ఏటి, ఎందుకూ” అని చక్కగా శ్రీకాకుళం తెలుగు మాట్లాడతారు, బజార్లో బెంగాలీ, బళ్ళో హిందీ. తెలుగు అక్షరం మాత్రం రాదు. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుని గుర్తిస్తే అందరం ఒకరికొకరం శుభాకాంక్షల మెసేజీలు పంపుకున్నాం. చాలామంది ఇంగ్లీషు లిపిలో. 195 దేశాలకి పట్టే మూడేళ్ళ తొమ్మిది నెలల్లో, ఆదివారం గంట చొప్పున పెట్టుకుంటే, ఈ వాడ పిల్లలందరికీ ‘అ’ నుంచి ‘బండి-ర’ దాకా నేర్పి, చలం కథ కూడా చదివించొచ్చు. కానీ దానికి పటం మీద రంగు పడదు.

చివరికి వాళ్ళ దారికే వద్దామని ఒక ప్రతిపాదన పెట్టాను. హౌరా లోకల్ ఎక్కితే బాలీచక్, పాంస్కురా, కోలాఘాట్ దాటాక రూపనారాయణ్ వంతెన అవతల దేఉల్టి. అక్కడ సామ్తాబేడ్‌లో 1926లో శరత్‌బాబు కాపురం పెట్టిన ఇల్లు ఇంకా నిలబడి ఉంది. చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ అనువాదాల పుణ్యమా అని మన అమ్మమ్మలు తెలుగువాడే అనుకున్న మనిషి. మనలో సగంమందికి రైల్వే పాసులున్నాయి. ఒక ఆదివారం వెళ్ళి ఆ వరండా ముందు కూర్చుని, తెలుగు వచ్చినవాళ్ళు తెలుగులో, బెంగాలీ వచ్చినవాళ్ళు బెంగాలీలో, ఒకే పుస్తకం పైకి చదువుదాం, మధ్యలో ముడీ చనాచూరూ తిందాం అన్నాను.

కమిటీ సానుభూతితోనే విన్నది. దేఉల్టి ఏ దేశానికి లెక్క అనే దగ్గర ఆగిపోయింది. బర్మా ప్రస్తావన మళ్ళీ వచ్చింది, మళ్ళీ వీగిపోయింది. వచ్చే ఆదివారం లక్సెంబర్గట. పుస్తకం ఇంకా దొరకలేదు గానీ, ఊదా రంగని మాత్రం ఖాయం చేసేశారు.