ఒక కారు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాశాడు. ఈ టీకాకారుడికి ఆ రెండు నియమాలూ లేవు. మూలం దొరికింది హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే కారులో. కవి మా బావగారు, రిటైరైన తెలుగు మాస్టారు. తాళపత్రం సూర్యాపేటలో ఇడ్లీ తిన్న హోటలు బిల్లు, దాని వెనకవైపు.

సందర్భం ఇదీ. మా అక్కయ్య ఏళ్ళ తరబడి పోగేసిన ఘంటసాల పాటలన్నీ రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కులో ఉన్నాయి. దాన్ని కారు స్టీరియోకు తగిలించాడు మా మేనల్లుడు. ఎల్బీ నగర్‌లో మొదలైన ప్రయత్నం పంతంగి టోల్‌గేటు దాటినా పాటగా మారలేదు. అప్పుడు బావగారిలో కవి మేలుకున్నాడు.

ఆ.వె.
కారు తాళచెవిని కదలించినంతనే
పళ్ళెరమ్ము తిరుగ పళ్ళు కొరుకు
అయిదు వోల్టు లడుగ నరకొరగా వచ్చు
పాట మొదలుగాదు బాట ముగిసె

ప్రతిపదార్థం

కారు = కారుచీకటిలోని కారు కాదు, కారుకూతలలోనిదీ కాదు, ‘వారు కవులు కారు’ అన్నప్పటి క్రియ అసలే కాదు (బావగారు ఒప్పుకోరు). నాలుగు చక్రాలది.

తాళచెవిని = తాళంచెవిని; కదలించిన + అంతనే = తిప్పీ తిప్పకముందే. ఈ ఒక్క మాటలో కవి మొత్తం రోగనిర్ణయం చేశాడు. తాళంచెవికి మెట్లున్నాయి. ఒక మెట్టు తిప్పితే స్టీరియోకీ సిగరెట్ లైటర్ సాకెట్టుకీ కరెంటు వస్తుంది. ఇంకో మెట్టు తిప్పితే స్టార్టరు మోటారు లేస్తుంది, లేస్తూ వందల ఆంపియర్లు గుంజుకుంటుంది. అప్పటిదాకా 12.6 వోల్టుల దగ్గర నిశ్చింతగా ఉన్న బ్యాటరీ ఆ గుంజుడుకు తొమ్మిది పది వోల్టులకు జారుతుంది. చాలా కార్లలో ఆ క్షణం సాకెట్టుకు కరెంటే ఆగిపోతుంది. ఇంజను అందుకున్నాక ఆల్టర్నేటరు వచ్చి 14 వోల్టుల చుట్టుపక్కలకు లేపుతుంది. కాబట్టి మొదటి మెట్టుకు నిద్రలేచిన డిస్కు రెండో మెట్టుకు మూర్ఛపోయి, మళ్ళీ లేవాలి. ‘అంతనే’ లోని ఏకారాన్ని పాదపూరణం అని కొట్టిపారేసేవాళ్ళు బండి స్టార్టు కాకముందే డిస్కు తగిలించేవాళ్ళే అయివుంటారు.

పళ్ళెరమ్ము = పళ్ళెము. డిస్కు డబ్బాలో అన్నం లేని పళ్ళెం ఒకటో రెండో ఉంటాయి, అద్దంలా మెరుస్తూ. తిరుగ = తిరుగగా. నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు తొంభై. దాని మీద చదివే ముల్లు ఆనదు. కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి మీద తేలుతుంది. మన తలవెంట్రుక మందంలో పదివేలో వంతు కూడా ఉండదు ఆ ఎత్తు. జాతీయ రహదారి 65 మీద స్పీడు బ్రేకరు ఎక్కిన ప్రతిసారీ ఆ ఎడమే గుర్తొచ్చి నాకు గుబులు. కరెంటు హఠాత్తుగా పోతే ఏమవుతుందన్నది రసజ్ఞులు ఆగి వినవలసిన చోటు. పళ్ళెం అప్పటికింకా తిరుగుతూనే ఉంటుంది కదా. ఆ మిగిలిన ఊపుతో మోటారే కాసేపు డైనమోగా మారి, పుట్టిన ఆ కాస్త కరెంటుతో ముల్లును క్షేమంగా దాని గూటికి చేరుస్తుంది. ఇల్లు చీకటైనా పసివాణ్ణి తడుముకుంటూ మంచం చేర్చే తల్లిలాగా. ఇది కరుణరసం. కవి దీన్ని వదిలేశాడు. తెలియక కాదని బావగారి వాదన, చోటు చాలక అట.

పళ్ళు కొరుకు = టిక్కు టిక్కుమను. తిరగబోయి, ఊపు చాలక ఆగి, మళ్ళీ తిరగబోయే డిస్కు చేసే చప్పుడు. మా అక్కయ్య దీనికే “ఒరే, ఆ డబ్బా ఏడుస్తోందిరా, తీసెయ్యరా” అని వేరే అర్థం చెప్పింది. ఇక్కడ వ్యాకరణ దోషం ఉంది. ద్రుతం మీద పరుషం సరళమవ్వాలి గనుక ‘తిరుగఁ బళ్ళు’ అనాలి. అలా అంటే చదివేవాళ్ళు ఎద్దుబళ్ళు వెతుక్కుంటారని కవి భయపడ్డాడు. హైవే ట్రాఫిక్‌లో ఆ భయం సహజం.

అయిదు వోల్టులు = యూఎస్‌బీ ధర్మం. అరకొరగా = చాలీచాలకుండా. పద్యానికి ప్రాణం ఈ మాటే.

తాత్పర్యం

కారు స్టార్టు చేయగానే డిస్కు తిరగబోయి చప్పుడు చేసింది. అడిగినంత కరెంటు రాలేదు. పాట వినకుండానే ప్రయాణం అయిపోయింది.

విశేషాలు

ఇందులో అలంకారం విరోధాభాస. బ్యాటరీ నిండా 12 ఉన్న ఇంట్లో 5కు కరువేమిటని పూర్వపక్షం. నీటి తొట్టి నిండుగా ఉంది, కుళాయి సన్నం అని సిద్ధాంతం. ఈ రకం డిస్కు పరుగందుకునే క్షణాన ఒక ఆంపియరు దాకా అడుగుతుంది. స్టీరియో పోర్టు మామూలుగా ఇచ్చేది అర ఆంపియరు. అందుకని మేనల్లుడు రెండు తలల వైరు తెచ్చి, ఒక తల స్టీరియోకూ రెండో తల సాకెట్టులోని చార్జరుకూ పెట్టాడు. యుక్తి మంచిదే. వైరే మీటరు పొడవు, లోపల కరెంటు తీగ 28 గేజి, దారం లాంటిది. పోనూ రానూ దాని నిరోధం 0.43 ఓము. ఒక ఆంపియరు పారితే 0.43 వోల్టు దారిలోనే హరించుకుపోతుంది. చార్జరు నిజాయితీగా 5 ఇచ్చినా డిస్కు గుమ్మంలోకి చేరేది 4.57. మా చార్జరు వీపు మీద 2.1 ఆంపియర్లని రాసి ఉంది కానీ, వీపు మీద రాతలకు ప్రామాణ్యం లేదు.

కొందరు పాత సంప్రదాయం వారు 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటరు పెట్టి 12ను 5కు దించుతారు. దించుతుంది, నిజమే. కానీ 13.8 నుంచి 5కు దిగే ఆ తేడా అంతా వేడే. ఒక ఆంపియరుకు 8.8 వాట్లు. పాటలు కాదు గానీ చల్లారిన ఇడ్లీ వెచ్చబెట్టుకోవచ్చు. ఇప్పటి మంచి చార్జర్లు సెకనుకు లక్షలసార్లు స్విచ్చి వేసి తీసి దించుతాయి గనుక అంత వృథా ఉండదు.

పెద్ద డిస్కు, మూడున్నర అంగుళాలది, దీన్ని మించిన జంజాటం. దానికి 5 తోబాటు 12 కూడా వేరుగా కావాలి. కారులో 12 ఉందిగా అని నేరుగా కలిపేవాళ్ళుంటారు. తాళంచెవి తిప్పితే తొమ్మిదికి పడి, ఇంజను లేస్తే పద్నాలుగు దాటేదాన్ని 12 అనడం మర్యాద కోసం.

పాఠాంతరం

నాలుగో పాదానికి ‘పాట మొదలు గాగ బాట ముగిసె’ అని మరో పాఠం కనిపిస్తుంది. గణాలకు భంగం లేదు, యతి చెడలేదు, అర్థం మాత్రం తలకిందులైంది. ఇది ప్రక్షిప్తమని బావగారి పట్టు, రాసింది ఆయన కొడుకే గనుక. నందిగామలో బండి ఆపి వాడు జానెడు పొడవున్న లావుపాటి వైరు, బరువైన చార్జరు కొన్నాడు. ముందు ఇంజను స్టార్టు చేసి, నాలుగు క్షణాలాగి, ఆ తర్వాతే డిస్కు తగిలించాడు. పళ్ళు కొరకలేదు. స్టీరియో మాత్రం అన్ని వేల పాటల పట్టిక తనలో తాను చదువుకుంటూ ఇబ్రహీంపట్నం దాకా మౌనం పట్టింది.

గొల్లపూడిలో పాట వచ్చింది. వెనకసీటులో ఉన్న నేనే సాక్షిని కాబట్టి రెండో పాఠమే గ్రాహ్యం. ఏ పాటంటే చెప్పలేను. లారీ హారన్ల మీద అక్కయ్య గొంతెత్తి తనే అందుకుంది.